హుంజా లోయ: బురుషో ప్రజల చరిత్ర, భాష

హైదరాబాదు అనే పేరు గల ఊళ్లు ఈ ఉపఖండంలో ఒకటి కంటె ఎక్కువ ఉన్నవి. మూసీ తీరాన ఉన్న మన నగరం సుప్రసిద్ధం. సింధు ప్రాంతంలో మరొకటి ఉన్న సంగతి చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. మూడవది కూడ ఒకటి కలదు. అది కారకోరం పర్వతాల నడుమ, సముద్రమట్టానికి రెండువేల మీటర్ల కంటె ఎత్తున, మంచు కరగి వచ్చే నీటితో బ్రతికే ఒక పల్లె. ఆ పల్లె ఉన్న లోయ పేరు హుంజా. నేడు పాకిస్తాన్ పాలనలో ఉన్న గిల్గిట్-బల్టిస్తాన్ ప్రాంతానికి అది చెందుతుంది. ఆ లోయ నడుమ నివసించే ప్రజలు తమను బురుషో అని, తమ భాషను బురుషస్కి అని చెప్పుకుంటారు.

ఈ వ్యాసానికి ఆ లోయను ఎన్నుకొనడానికి పేరులోని సామ్యం మాకు ఒక నెపం మాత్రమే. గత నూట యాభై సంవత్సరాలలో ఇంత చిన్న సమాజాన్ని గూర్చి ఇన్ని కట్టుకథలు పుట్టిన ఉదాహరణలు చాల అరుదు. అలెగ్జాండరు సైనికుల సంతతి అని కొందరు, దారిదోపిడీగాండ్రు అని కొందరు, నూరేళ్లు దాటి జీవించే అదృష్టవంతులు అని మరికొందరు వారిని వర్ణించారు. వచ్చిన ప్రతివాడు తాను వెదకుతున్నదే అక్కడ చూచినట్లు వ్రాశాడు. ఆ ప్రజలు తాము ఏమి చెప్పుకుంటున్నారో విన్నవారు తక్కువ. కథలను ప్రక్కన ఉంచి, వారు రాతిలో తవ్వినదీ, నోట నిలుపుకొన్నదీ ఏమిటో పరిశీలించడం మా ఉద్దేశం.

మొదట నేల సంగతి. లోయకు ఎదురుగా రాకాపోషి శిఖరం 7,788 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. వెనుక ఉల్తర్ శిఖరం ఏడువేల మీటర్లు దాటినది. ఇంత మంచు కన్నుల ఎదుట ఉన్నప్పటికి లోయ అడుగుభాగంలో వాన అతి స్వల్పం. మబ్బులను పర్వతాలు ముందే అడ్డగిస్తాయి. నది ఉన్నదే అనవచ్చును. కాని హుంజా నది లోతైన గండిలో ప్రవహిస్తుంది, పొలాలు దానికి వందల అడుగుల ఎత్తున ఉంటాయి. అందుచేత అక్కడ సేద్యం చేయదలచినవాడు కొండపైనున్న హిమానీనదం కాలి దగ్గరకు ఎక్కి, అక్కడి నుండి కొండచరియల వెంబడి కాలువ త్రవ్వి నీటిని దించుకోవాలి. కాలువ లేనిచోట గడ్డిపోచ మొలవదు. ఈ లోయ చిత్రపటాన్ని చూచిన వారికి ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. కాలువకు దిగువన ఆకుపచ్చని మెట్టుపొలాలు, పొడవైన పాప్లర్ చెట్లు, జల్దారు పండ్ల తోటలు. కాలువకు ఒక గజం ఎగువన బూడిదరంగు రాయి.

ఈ కాలువలు నిట్టనిలువు బండలపై చెక్కినవి. ఇనుము కొరతగా ఉన్న కాలంలో కొండమేక కొమ్ములతోను, కొయ్యపారలతోను త్రవ్వారని ఆ ప్రజల నోట నిలిచిన సంప్రదాయం. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది పూర్వార్ధంలో సిలుమ్ ఖాన్, అతని తరువాత ఏలిన గజన్‌ఫర్ ఖాన్ కొత్త కాలువలను త్రవ్వించారు. వాటి దిగువన కొత్త ఊళ్లు వెలిశాయి. అలీయాబాదు, పైన చెప్పిన హైదరాబాదు అట్టి ఊళ్లే. అనగా ఆ హైదరాబాదు పుట్టుక ఒక కాలువ పుట్టుకతో కలిసి ఉన్నది.

హుంజాలో ప్రభువును ప్రజలు థమ్ అని, బయటివారు మీర్ అని పిలిచేవారు. అతని అధికారానికి మూలం నీరే. కాలువ త్రవ్వించినవాడు నీటి వంతులను నిర్ణయించేవాడు. వసంతంలో బొఫావ్ అనే విత్తుల పండుగనాడు ప్రభువు స్వయంగా మొదటి విత్తనాలు చల్లిన తరువాతనే ప్రజలు విత్తేవారు. కాలువల త్రవ్వకం, వాటి మరమ్మతు, బాటల పని ప్రభువు ఆజ్ఞపై ప్రజలు చేయవలసిన విధి. దీనిని రాజాకీ అనేవారు. మన తెలంగాణ పల్లెలు ఎరిగిన వెట్టికి ఇది దూరపు చుట్టమే. అయితే ఒక భేదం గమనించదగినది. రాజాకీలో త్రవ్విన కాలువ నీరు త్రవ్వినవాని పొలానికి కూడ చేరేది. కాలువకు ప్రభువుల పేర్లు మిగిలాయి. త్రాడు కట్టుకుని బండపై వ్రేలాడి రాయి చెక్కినవాని పేరు మిగలలేదు.

నదికి ఆవలి గట్టున నగర్ అనే మరొక రాజ్యం ఉండేది. గిర్కిస్, మొఘ్లోత్ అనే కవల సోదరులు పరస్పరం ద్వేషించుకొని చెరొక గట్టును ఏలుకొన్నారని, వారి సంతతియే ఈ రెండు రాజవంశాలని ఐతిహ్యం. రెండు గట్టుల ప్రజలది ఒకే భాష. కాలక్రమాన హుంజావారు అధికంగా ఇస్మాయిలీలు, నగర్‌వారు ఇస్నా అషరీ షియాలు అయ్యారు. ఇస్లామునకు పూర్వం ఈ బాటలో బౌద్ధం నడిచింది. గనిష్ గ్రామ సమీపాన నది ఒడ్డున ఉన్న బండలపై ఖరోష్ఠీ, బ్రాహ్మీ లిపులలో శాసనాలు, కొండమేకల బొమ్మలు నేటికీ కనబడతాయి. 1931లో గిల్గిట్ వద్ద ఒక శిథిల కట్టడంలో భూర్జపత్రాలపై వ్రాసిన బౌద్ధ సంస్కృత గ్రంథాలు లభించి పండితలోకాన్ని ఆశ్చర్యపరచాయి. కాబట్టి ఈ లోయ లోకానికి తెలియక ముడుచుకొని ఉన్న మూల అనుకోవడం సరికాదు. అది దారి మీది ఊరు. దారి కష్టమైనది, అంతే.

ఆ దారియే దాని రాజకీయ భాగ్యాన్ని నిర్ణయించింది. హుంజా ప్రభువు చీనా చక్రవర్తికి ఏటేట కొద్దిపాటి బంగారు రజను కానుకగా పంపి, దానికి మించిన బహుమతులు పొందేవాడు. పామీరు పచ్చికబయళ్లలో పశువులను మేపుకొనే హక్కులు కూడ ఉండేవి. మరొకవైపు లేహ్-యార్కండ్ బాటపై వెళ్లే వర్తకుల బిడారులను అతని మనుషులు కొల్లగొట్టేవారు. ఇది నిజమే, దాచవలసిన పని లేదు. కాలువ నీరు మోయగలిగిన జనసంఖ్య పరిమితమైనప్పుడు కొల్ల ఒక ఆదాయమార్గమైనది. 1886లో సఫ్దర్ అలీ తండ్రిని చంపించి గద్దె ఎక్కాడు. 1888లో రష్యా నుండి గ్రోంబ్‌చెవ్‌స్కీ వచ్చి అతనిని కలిశాడు. మరుసటి ఏడు ఇంగ్లీషువారి పక్షాన యంగ్‌హస్బెండ్ వచ్చాడు. రెండు సామ్రాజ్యాల నడుమ ఇరుకున పడిన చిన్న ప్రభువు ఇరువురితోను బేరమాడాడు. 1891 డిసెంబరులో కర్నల్ డ్యూరండ్ నాయకత్వాన సైన్యం నగర్ గట్టుననున్న నిల్త్ కోటను ముట్టడించి పట్టుకొన్నది. సఫ్దర్ అలీ చీనా సరిహద్దు దాటి పారిపోయాడు. 1892లో అతని సవతి సోదరుడు నాజిమ్ ఖాన్‌ను ఇంగ్లీషువారు మీర్‌గా నిలిపారు. అతడు 1938 వరకు ఏలాడు. ఆ చిన్న యుద్ధంలో ముగ్గురు ఇంగ్లీషు అధికారులకు విక్టోరియా క్రాసు పతకాలు లభించాయి. ఓడినవారిలో కొందరికి లభించిన బహుమానం ప్రవాసం. దానిని వ్యాసం చివర ప్రస్తావిస్తాము.

ఇక కట్టుకథలలో అత్యంత బలమైన దానిని చూతము. దీనికి మన హైదరాబాదుతో నిజమైన సంబంధం ఉన్నది. 20వ శతాబ్ది ఆరంభంలో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు గిల్గిట్‌లో ఏజెన్సీ సర్జన్‌గా పనిచేశాడు. హుంజా ప్రజల దేహదారుఢ్యం అతనిని ఆకర్షించింది. వారి ఆహారమే దీనికి కారణమని అతడు తలచాడు. తరువాత 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాలను ఆరంభించాడు. అక్కడ ఎలుకలకు దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనం పెట్టి చూచాడు. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్నవి చక్కగా పెరిగాయి. మరపట్టిన బియ్యం ప్రధానంగా గల దాక్షిణాత్య భోజనం తిన్నవి వెనుకబడ్డాయి. మన అన్నప్రియులకు ఇది మింగుడుపడని ఫలితమే. ఆ ప్రయోగశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంత నిలిచి ఉన్నది. కారకోరం లోయలో ఒక వైద్యునికి కలిగిన ఆశ్చర్యం ఇన్ని మలుపులు తిరిగి మన నగరానికి చేరినది.

మెకారిసన్ శాస్త్రజ్ఞుడు. ఆయన తరువాత వచ్చినవారు అందరూ అట్టివారు కారు. 1933లో జేమ్స్ హిల్టన్ నవల షాంగ్రిలా అనే కల్పిత స్వర్గాన్ని సృష్టించగా పాఠకులు దానిని హిమాలయాలలో ఎక్కడనో వెదకసాగారు. 1948లో రోడేల్ అనే అమెరికన్ రచయిత హుంజాలో అడుగు పెట్టకుండానే అక్కడి ఆరోగ్యంపై ఒక గ్రంథం వ్రాశాడు. నూట ఇరవై, నూట నలభై ఏళ్ల వృద్ధుల కథలు పత్రికలకెక్కాయి. జల్దారు గింజల నూనె సర్వరోగ నివారిణి అయినది. అయితే జన్మదినాలను నమోదు చేసే పద్ధతియే లేనిచోట ఈ వయస్సులను ఎవరు లెక్కించారు? పెద్దరికాన్ని బట్టి వయస్సు చెప్పడం పల్లెలలో కొత్త కాదు. మన ఊళ్లలో కూడ వంద దాటినాయని చెప్పే తాతలు ఉంటారు.

అక్కడ నిజంగా నివసించినవారి సాక్ష్యం వేరుగా ఉన్నది. 1934-35లో అలీయాబాదులో కాపురం ఉన్న లోరిమర్ దంపతులు వసంతకాలపు ఆకలిని కన్నులార చూచారు. పాత ధాన్యం అయిపోయి, కొత్త పంట ఇంకా రాని ఆ వారాలలో ప్రజలు అర్ధాకలితో పొలాల పని చేసేవారు. జూన్ నెలలో మొదటి యవలు పండినప్పుడు జరిపే గినానీ పండుగకు అంత సంబరం ఎందుకో దీనిని బట్టి తెలుస్తుంది. 1950 ప్రాంతంలో దాదాపు ఇరవై నెలలు అక్కడ గడిపి మందులు పంచిన జాన్ క్లార్క్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు విరేచనాలు, జ్వరాలు, చర్మవ్యాధులు విరివిగా ఉన్నవని వ్రాశాడు. స్వర్గమని పిలిచిన చోటికి వైద్యశాల కట్టాలని ఎవరికి తోస్తుంది? పొగడ్త కూడ ఒక విధమైన నిర్లక్ష్యమే అని మాకు తోచినది. అలెగ్జాండరు సంతతి అనే కథకు కూడ బురుషోల జన్యువులపై జరిపిన పరిశోధనలలో ఆధారం లభించలేదు.

కట్టుకథలకు లోనుకాని ఒక అద్భుతం మాత్రం హుంజాలో ఉన్నది. అది వారి భాష. బురుషస్కికి ఇంతవరకు చుట్టమని నిరూపింపబడిన భాష ప్రపంచంలో లేదు. చుట్టూ ఉన్న షీనా, ఖోవార్ భాషలు ఆర్యభాషా కుటుంబానివి. ఎగువ హుంజాలోని వఖీ ఇరానియన్ శాఖది. తూర్పున బల్తీ టిబెటన్ శాఖది. బురుషస్కి వీటి నడుమ ఒంటరిగా నిలిచినది. బాస్కు భాషతోను, కాకసస్ భాషలతోను, సైబీరియాలోని యెనిసేయన్ భాషలతోను దీనిని ముడిపెట్టిన పండితులు ఉన్నారు. ఏ ముడియు నిలువలేదు. 19వ శతాబ్దిలో బిడల్ఫ్, లైట్నర్ దీనిని గూర్చి వ్రాశారు. లోరిమర్ 1935-38 మధ్య ఓస్లోలో మూడు సంపుటాలు ప్రకటించాడు. జర్మన్ పండితుడు హెర్మన్ బెర్గర్ మహాగ్రంథం 1998లో వెలువడింది.

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థికి ఈ భాష ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. మన మహత్తు, మహతి, అమహత్తు అనే విభాగం అందరికి తెలిసినదే. మనకు ఏకవచనంలో స్త్రీ అమహత్తుతో చేరుతుంది. సీత వచ్చింది, ఆవు వచ్చింది. బహువచనంలో మహత్తుతో చేరుతుంది. స్త్రీలు వచ్చారు, పురుషులు వచ్చారు. బురుషస్కిలో నామవాచకాలు నాలుగు తరగతులు. పురుషులు ఒకటి, స్త్రీలు ఒకటి. జంతువులు, లెక్కించదగిన కొన్ని వస్తువులు మూడవది. ద్రవాలు, చెట్లు, భావాలు మొదలైనవి నాల్గవది. బాల్త్ అనే మాటను మూడవ తరగతిలో వాడితే ఆపిలు పండు, నాల్గవ తరగతిలో వాడితే ఆపిలు చెట్టు. మాట మారదు, తరగతి మారగానే అర్థం మారుతుంది. సంఖ్యలు కూడ తరగతిని బట్టి మారతాయి. మనం మనుషులకు ముగ్గురు అని, వస్తువులకు మూడు అని అన్నట్లు, వారు మనుషులకు ఇస్కెన్ అని, జంతువులకు ఉస్కో అని, నాల్గవ తరగతికి ఇస్కి అని అంటారు. లెక్క ఇరవైలపై నడుస్తుంది. ఇరవై అల్తర్, నలభై అల్తో అల్తర్, అనగా రెండు ఇరవైలు.

మరొక విశేషం. శరీరావయవాల పేర్లు, బంధువుల పేర్లు ఆ భాషలో ఒంటరిగా నిలువవు. ఉత్త చేయి అనే మాట లేదు. అరీంగ్ అంటే నా చేయి, గురీంగ్ నీ చేయి, ఇరీంగ్ అతని చేయి, మురీంగ్ ఆమె చేయి. తల్లి అనే మాట కూడ అంతే. ఎవరి తల్లి అని చెప్పకుండ తల్లి అనడానికి వీలులేదు. ఇట్టి భాషను నిఘంటువులో అకారాది క్రమంలో అమర్చడం ఎంత కష్టమో ఊహించండి.

ఇంత భాషకు చాలకాలం లిపి లేదు. మీర్ దర్బారులో ఫారసీ వ్రాతభాష. తరువాత ఉర్దూ పాఠశాల భాష అయినది. 1946లో ఆగాఖాన్ వజ్రోత్సవ సందర్భంగా స్థాపించిన పాఠశాలలు లోయలో చదువుకు పునాది వేశాయి. 1947 నవంబరులో మీర్ ముహమ్మద్ జమాల్ ఖాన్ పాకిస్తాన్‌లో చేరాడు. 1974లో మీర్ పాలన రద్దయింది. 1978లో కారకోరం రాజమార్గం పూర్తయి, వారాల ప్రయాణం గంటలలోనికి దిగినది. నేడు హుంజా అక్షరాస్యతకు, బాలికల చదువుకు పేరుపొందినది. ఇవి ఎవరు కాదనగల మేళ్లు? కాని చదువు ఉర్దూలోను, ఇంగ్లీషులోను, ఉద్యోగం కరాచీలోను అయినప్పుడు ఇంటిమాట చిక్కిపోసాగినది. ఇప్పటికి దాదాపు ఒక లక్ష మంది మాట్లాడే బురుషస్కిని యునెస్కో ప్రమాదపు అంచున ఉన్న భాషలలో చేర్చినది.

ఈ సందర్భంలో ఒక చేదు నిజం కూడ చెప్పవలె. బురుషోల మధ్యనే వారికంటె చిన్న సమాజం ఒకటి ఉన్నది. వాద్యకారులుగా, కమ్మరులుగా తరతరాలు సేవచేసిన డోమ్ జనం మోమినాబాదు అనే ఊరిలో ఉన్నారు. వారి డోమాకీ భాష ఉత్తర భారత మైదానాల భాషలకు చుట్టం. పండుగ వారి డోలు, సన్నాయి లేనిదే జరిగేది కాదు. అయినను వారిని తక్కువగా చూచేవారు, వారి భాషను ఎగతాళి చేసేవారు. వారు క్రమంగా బురుషస్కికి మారిపోగా నేడు డోమాకీ మాట్లాడేవారు కొన్ని వందలకు మించరు. పెద్ద భాషల నీడలో తమ భాష చిక్కిపోతున్నదని బాధపడే ప్రజలు, తమ నీడలో మరొక భాష చిక్కిపోయిన సంగతిని గమనించలేదు.

ప్రకృతి కూడ ఊరకుండలేదు. 2010 జనవరి 4న అట్టాబాదు గ్రామం వద్ద కొండ విరిగిపడి సుమారు ఇరవై మంది మరణించారు. నది అడ్డుకొనబడి ఇరవై కిలోమీటర్లకు పైగా సరస్సు ఏర్పడింది. ఎగువ ఊళ్లు, పొలాలు, రాజమార్గం మునిగిపోయాయి. 2015లో సొరంగాలు తెరచేవరకు జనం, సరుకులు, వాహనాలు సైతం పడవలపైననే దాటవలసి వచ్చింది. 2022 మే నెలలో షిష్పర్ హిమానీనదపు సరస్సు తెగి హసనాబాదు వంతెనను కొట్టుకొనిపోయింది. ఏ మంచు కాలువలకు ప్రాణమో ఆ మంచే నేడు వేగంగా కరగి భయం గొలుపుతున్నది.

అయినను భాషకు పాటుపడినవారు ఉన్నారు. 1917లో హుంజాలోని హైదరాబాదులోనే జన్మించిన నసీరుద్దీన్ నసీర్ హుంజాయీ పెద్ద చదువులు చదివినవాడు కాదు. ఉర్దూ లిపికి కొన్ని అక్షరాలు చేర్చి తన భాషను వ్రాశాడు. అందులో కవిత్వం చెప్పాడు. ఆయన, ఆయన అనుయాయులు కూర్చిన బురుషస్కి-ఉర్దూ నిఘంటువు 2006 నుండి కరాచీ విశ్వవిద్యాలయం ద్వారా సంపుటాలుగా వెలువడింది. 2017లో నూరేళ్లకు కొద్ది నెలలు తక్కువగా ఆయన మరణించాడు. ఆయన వయస్సు మాత్రం కట్టుకథ కాదు. ఉర్దూ వలన బురుషస్కి చిక్కిపోయినదని పైన చెప్పాము. అదే ఉర్దూ లిపి, అదే ఉర్దూ అర్థాలు ఆ భాషను కాగితంపై నిలిపినవని కూడ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. రెండు మాటలూ నిజమే. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన చదివే మన కళాశాలలో దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

1891 యుద్ధపు ప్రవాసం సంగతి మిగిలి ఉన్నది. నగర్ రాజకుటుంబానికి చెందిన అజుర్ ఖాన్‌ను ఇంగ్లీషువారు బందీగా కాశ్మీరానికి తరలించారు. అతనితో వచ్చినవారి సంతతి శ్రీనగరంలో, హరిపర్వతం దిగువ పేటలలో, నేటికీ ఉన్నది. వారు సుమారు మూడువందల మంది. వీధిలో కాశ్మీరీ, పాఠశాలలో ఉర్దూ మాట్లాడుతారు. సరిహద్దు మూసుకొనిపోయిన తరువాత లోయలోని బంధువులతో రాకపోకలు తెగిపోయాయి. ఒక భాషాశాస్త్రజ్ఞురాలు ఈ శతాబ్ది మొదటి సంవత్సరాలలో వారి పలుకును నమోదు చేసి, 2006లో దానిపై పరిశోధన గ్రంథం సమర్పించింది. కాశ్మీరీ మాటలు కొన్ని దానిలో చేరాయి, కొన్ని పాత రూపాలు మారాయి. కాని ఇండ్లలో పెద్దలు పిల్లలతో మాట్లాడే భాష నూరేళ్లు దాటిన తరువాత కూడ బురుషస్కియే.